ఉత్తుత్తి ఆకాశంలో కాజాల పందెం

నా ఉద్యోగమంతా లేనివాటిని ఉన్నట్టు చూపించడంలోనే గడిచిపోయింది. మా ఆయన నన్ను ఎవరికైనా పరిచయం చేసేటప్పుడు "ఈవిడ ఉత్తుత్తి పనుల్లో ఇంజనీరండి" అనేవారు. మొదట్లో ఒళ్ళు మండేది. తీరా ఆలోచిస్తే అంతకన్నా సరిగ్గా ఎవరూ చెప్పలేరనిపించి ఊరుకున్నాను.

కాకినాడలో ఒక ఎరువుల కర్మాగారంలో చాలా ఏళ్ళు పనిచేశాను. కొత్తగా చేరిన ఆపరేటర్ల చేత నేరుగా అసలు యంత్రాలు తిప్పిస్తే కొంప మునుగుతుంది కదా. అందుకని కంప్యూటర్లో ఒక ఉత్తుత్తి ఫ్యాక్టరీ కట్టి వాళ్ళ చేతికిచ్చేవాళ్ళం. అందులో ఎన్ని వాల్వులు తప్పు తిప్పినా ఊరికి ఏమీ కాదు, నా దగ్గర మాత్రం చివాట్లు తినాలి. రిటైర్మెంటుకి ఇంకా కొన్నేళ్ళుందనగా ఆ విభాగం మూసేశారు. అప్పుడు రాజమండ్రిలో ఒక కాలేజీ మేడ మీద రెండు గదుల్లో నడుస్తున్న చిన్న బృందంలో చేరాను. వాళ్ళు తయారుచేస్తున్నది ఉత్తుత్తి టెలిస్కోపు. ఎరువుల నుంచి నక్షత్రాలకా అని మా తోటికోడలు పడీ పడీ నవ్వింది. నాకైతే రెండూ ఒకటే. అసలుదాని మీద చెయ్యి వేసే వీలు లేనప్పుడు ఉత్తుత్తిది కావాలి.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకి రెండు ముక్కలు చెప్పి కథలోకి వెళ్తాను. అంతరిక్షంలోకి పంపిన టెలిస్కోపు ఇంటికి తిరిగి రాదు. అద్దం తుడుద్దామన్నా, స్క్రూ బిగిద్దామన్నా మనం అక్కడికి వెళ్ళలేం. అది పనిచేసే కాలం కాస్త, చూడాల్సిన ఆకాశం కొండంత. అందుకే అది ఎగరకముందే కంప్యూటర్లో ఒక ఆకాశం తయారుచేసి, అందులో నక్షత్రాలూ గెలాక్సీలూ పేర్చి, ఆ టెలిస్కోపు కెమెరాని దాని లోపాలన్నిటితో సహా నిర్మించి, దాని చేత ఫొటోలు తీయిస్తాం. ఏది కనబడుతుందో, ఎంతసేపు చూస్తే కనబడుతుందో ఆ ఫొటోల్లో తేలిపోతుంది. వాటిని చూసి ఒక కమిటీ ఏ శాస్త్రవేత్తకి ఎంత ఆకాశం, ఎంత సమయం అన్నది పంచుతుంది. కనబడదని మా ఫొటో చెప్పిందంటే ఆ మనిషికి వాటా లేనట్టే. మా ఉత్తుత్తి పనికి అంత బరువుందని చేరిన కొత్తలో నాకూ తెలియదు.

మా బృందానికి పెద్ద ఒక మాస్టారు. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైనవారు. ధవళేశ్వరం నుంచి స్కూటరు మీద వచ్చేవారు, ఎవరినీ "అండి" లేకుండా పిలిచి ఎరగరు, ఆఖరికి మొరాయించిన కంప్యూటర్ని కూడా. రెండోవాడు పెద్దాపురం నుంచి వచ్చే ప్రోగ్రామరు. ముప్పై దాటిన కుర్రాడు, బుర్ర పాదరసం, నోరు అంతకంటే. మూడోదాన్ని నేను. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని వాళ్ళిద్దరికీ త్వరగానే తెలిసింది.

పందెం మొదలుపెట్టింది మాస్టారే. మేం చేసిన ఆకాశంలో మేమే వెతుకుతుంటే అంతా మాకు తెలిసినట్టే ఉంటుంది, పొరపాటు పట్టుబడదు. అందుకని సోమవారం ఒకరు అందులో ఎవరికీ చెప్పకుండా ఒక దొంగ వస్తువుని దాచాలి. శుక్రవారంలోగా మిగతావాళ్ళు పట్టుకోవాలి. ఏయే వస్తువులు ఎక్కడెక్కడ పెట్టామో రాసి ఉన్న కేటలాగు చూడకూడదు, ఫొటో ఒక్కటే చూడాలి. ఓడినవాళ్ళు కాజాలు తేవాలి.

"పందెం లేకపోతే మన జిల్లాలవాళ్ళకి పని మీద మనసు నిలవదండి" అన్నారు మాస్టారు.

కాజాల మీద కూడా మాకు తగువే. నేను కాకినాడ దాన్ని, గొట్టం కాజా తప్ప ఇంకోటి కాజానే కాదంటాను. మాస్టారిది తాపేశ్వరం మడత కాజా పక్షం. పెద్దాపురం కుర్రాడికి ఏదైనా ఒకటే, తన డబ్బు కాకపోతే చాలు.

అతను రెండు వారాలు ఓడాడు. మూడోవారానికి ఒక ప్రోగ్రాం రాసుకొచ్చాడు. దాని పేరు పోలీసు. ఫొటో మొత్తం గాలించి, అనుమానంగా కనబడినదాన్ని పట్టుకుని, ఫొటోలోంచి తీసేసి, లాకప్పు అనే ఫోల్డర్లో వేస్తుంది. నేను నక్షత్రంలా దాచితే నక్షత్రాన్ని పట్టింది. గెలాక్సీలా దాచితే గెలాక్సీని పట్టింది. నాకు పౌరుషం వచ్చింది. ఆఖరికి బాగా నీళ్ళు పోసిన మజ్జిగ బట్ట మీద ఒలికినట్టుండే ఒక మసకని దాచాను. నడుమ చుక్క లేదు, అంచు లేదు. ఆ వారం కాజాలు నేను తిన్నాను. మరుసటి వారానికల్లా అతను పోలీసుకి ఆ విద్యా నేర్పేశాడు: వెడల్పుగా, మసగ్గా, నడుమ చుక్క లేకుండా ఏది కనబడినా సరే, పట్టుకుని లోపలెయ్.

ఇక్కడిదాకా ఆటే. కానీ దానివల్ల మాకో లాభం కూడా కనబడింది. కెమెరా లోపల అద్దాల మధ్య వెలుగు అటూ ఇటూ కొట్టుకుని ఫొటోలో లేనిపోని మసకలు పడతాయి. వాటిని మా పనిలో దెయ్యాలంటారు. పోలీసు ఈ దెయ్యాల్ని కూడా శుభ్రంగా పట్టేస్తోంది. ఫొటోలు కడిగిన ముత్యాల్లా వస్తున్నాయి. ఇంత మంచి పోలీసుని ఆటకే పరిమితం చేయడమెందుకని అసలు పని వరసలోనే పెట్టేశాం. మెచ్చుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. లాకప్పు తలుపు తీసి చూడాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఆ తర్వాత వచ్చింది మా చిన్నమ్మాయి. నా కూతురు కాదు, పేరు చెప్పకూడదు కాబట్టి అలా అంటున్నాను. తండ్రి నరసాపురం వైపు బడిలో టీచరు, లూథరన్ చర్చికి వెళ్ళే కుటుంబం. ఆమె పరిశోధన అంతా మసక గెలాక్సీల మీద. పెద్ద గెలాక్సీల పక్కన నక్షత్రాలు పలచగా చెదిరి, ఉన్నాయా లేవా అన్నట్టుంటాయవి. నేల మీది టెలిస్కోపులకి అవి సరిగా దొరకవు. ఈ కొత్త టెలిస్కోపుకి దొరుకుతాయని ఆమె నమ్మకం. దాని సర్వేలో కొంత ఆకాశం తనకి కావాలని కమిటీని అడిగింది. ఆ వాటా కోసం ఉత్తుత్తి ఫొటోలు తీసుకోవడానికి మా దగ్గరికి పంపారు.

ఫొటోలు వచ్చాయి. ఆమె అడిగిన ఆకాశమంతా ఖాళీ. ఎక్కువసేపు చూసేలా మార్చి తీశాం. నక్షత్రాలు ఇంకా నిగనిగలాడాయి గానీ మసక గెలాక్సీ ఒక్కటి లేదు. ఫొటోలు కమిటీకి వెళ్ళాయి. ఈ వాటా వల్ల ఫలితం కనబడటం లేదు, ఆ సమయం వేరేవాళ్ళకి ఇవ్వాలనుకుంటున్నాం, వచ్చేవారం సమావేశంలో ఖరారు చేస్తాం అని జవాబు వచ్చింది.

ఆ పిల్ల ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. టిఫిను డబ్బా మూత పెట్టేసి, "కనబడవేమో మేడం. నేనే ఎక్కువ ఆశపడ్డానేమో" అంది.

ఇలాంటి టెలిస్కోపు ఇంకోటి ఎప్పుడు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. ఈ వాటా పోతే ఆమె ఇన్నేళ్ళ పనీ గోదాట్లో కలిసినట్టే.  ఎవరి మీద కోప్పడాలో తెలియక, ఫ్యాను చప్పుడు చేస్తోందని వాచ్‌మన్ని కేకలేశాను.

ఆ సోమవారం దాచే వంతు నాది. మనసు ఆట మీద లేదు. చేతికొచ్చిన పాత మసకనే ఒకదాన్ని బాగా వెలుగు పెంచి ఒక మూల పడేశాను. గుడ్డివాడికైనా కనబడేంత వెలుగు. పది నిమిషాల్లో పెద్దాపురం కుర్రాడు కుర్చీ తిప్పాడు.

"మేడంగారండీ, ఏంటండీ ఇది, మరీ ఇంత ధర్మంగా దాచారు? ఆయ్, పట్టేసిందండి మా పోలీసు. కాజాలు తెప్పించేయండి."

చిన్నమ్మాయి తన బల్ల దగ్గర నుంచి లేచి వచ్చింది. ఆట ఎలా ఆడతామో ఆమెకి అప్పటిదాకా ఎవరూ వివరంగా చెప్పలేదు. తెర మీద మసకని చూసింది, పక్కనే శుభ్రం చేసిన ఫొటో చూసింది. అందులో ఆ మసక లేదు.

"ఇంత వెలుగున్నది తీసేసిందేంటండి? పట్టుకున్నాక ఎక్కడ పెడుతుంది?"

"లాకప్పులోనండి."

"అందులో ఇదొక్కటే ఉంటుందా?"

అతను నవ్వుతూనే ఫోల్డరు తెరిచాడు. నవ్వు మధ్యలో ఆగిపోయింది. వరసగా చిన్న చిన్న ఫొటోలు, కిందికి జరిపేకొద్దీ వస్తూనే ఉన్నాయి. చాలావరకు దెయ్యాలే. వాటి మధ్య, నడుమ చుక్క లేకుండా, అంచు లేకుండా, ఈ పిల్ల గెలాక్సీలు. అన్నీ అక్కడే కూర్చునున్నాయి. కంచే చేను మేసిందంటే ఇదే.

 ఆ పిల్ల తెర దగ్గరికి వంగి, "కనబడుతున్నాయన్నమాట" అని మెల్లిగా అంది. అప్పుడు ఏడ్చింది. నాకూ కళ్ళు తడయ్యాయి, దాచుకోను.

పెద్దాపురం కుర్రాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేనే ఇరికించేశానండి. మొహం చూసి దొంగలని రాసేశానండి" అంటున్నాడు.

"నువ్వొక్కడివే ఏంటయ్యా? దానికి ఆ మొహం చూపించింది నేను. పెట్టుకోమన్నది మాస్టారు. మెచ్చుకుని కాజాలు తిన్నది ముగ్గురం" అన్నాను. కోపంలో అన్నా నిజమే అన్నాను.

మాస్టారు వచ్చారు. విన్నారు. స్కూటరు తాళంచెవి చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు.

పోలీసుని పక్కన పెట్టేస్తే సరిపోతుందని మీరనుకోవచ్చు. మేమూ పెట్టి చూశాం. గెలాక్సీలతో పాటు దెయ్యాలూ బయటికొచ్చి కూర్చున్నాయి. ఏది ఏదో గెలాక్సీలు చదువుకున్న ఆ పిల్లకే అంతుపట్టలేదు. అప్పుడు పెద్దాపురం కుర్రాడు గొంతు తగ్గించి ఒక మాట అన్నాడు. "ఈవిడ వాటా వరకు కెమెరాలో దెయ్యాలు రానట్టు పెట్టేసి ఫొటోలు తీద్దామండి. అప్పుడు గెలాక్సీలే కనబడతాయి. ఎవరికీ తెలీదు కదండి."

ఆ పిల్ల మీద జాలితో అన్నాడు. నా మనసు కూడా ఒక్క క్షణం అటే మొగ్గింది. మాస్టారు తల అడ్డంగా ఊపారు.

"రేపు పైకెళ్ళాక అసలు కెమెరాలో దెయ్యాలు వస్తాయి కదండి. వాటికి మనం చెప్పిన అబద్ధం తెలీదు కదా. అప్పుడు ఈ అమ్మాయి ఎవరితో చెప్పుకుంటుందండి?"

దారి చూపించింది ఆ పిల్లే. అది కొత్త ఉపాయమేమీ కాదు, ఈ రంగంలో అందరికీ తెలిసిందే. మీ కళ్ళజోడు మీద వేలిముద్ర పడిందనుకోండి. తల పక్కకి వంచితే ఆ మరక కూడా మీతోపాటే వంగుతుంది, ఎదురుగా గోడ మీది గడియారం వంగదు. అలాగే ఒకే చోటిని రెండుసార్లు, రెండోసారి టెలిస్కోపుని కాస్త మెలితిప్పి ఫొటో తీస్తే దెయ్యాలు కెమెరాతోపాటు జరుగుతాయి, గెలాక్సీలు ఆకాశంతోపాటు నిలబడతాయి. కానీ రెండుసార్లంటే రెట్టింపు సమయం. అంత సమయం లేదనే సర్వే ప్రణాళికలో రెండో ఫొటో తీసేశారు.

"నేను అడిగిన ఆకాశంలో సగం వదిలేస్తానండి. మిగతా సగమే రెండుసార్లు చూడమని అడుగుతాను" అంది.

ఏ సగం వదలాలో తేల్చుకోవడానికి ఆమెకి రెండు రోజులు పట్టింది. పొలం పంచుకునేటప్పుడు గట్టు మీద నిలబడిన మనిషిలా ఆ తెర ముందు నిలబడేది. నేను పలకరించలేదు.

సమావేశం వీడియోలో జరిగింది. మేం నలుగురం ఒకే కెమెరా ముందు ఇరుక్కుని కూర్చున్నాం. మాటలన్నీ ఇంగ్లీషులోనే నడిచాయి, నాకు గుర్తున్న తీరున చెబుతున్నాను. కమిటీకి అధ్యక్షురాలు నా వయసావిడే, నవ్వు అరువు కూడా ఇవ్వని మొహం. మాస్టారు జరిగిందంతా మొదటి నుంచి చెప్పారు. ఇంతవరకు మేమిచ్చిన ఫొటోల్లో మసకగా ఉండేవన్నీ తప్పిపోయాయని, అన్నీ మళ్ళీ తీసిస్తామని ఒప్పుకున్నారు. చెబుతున్నంతసేపూ మా బృందాన్ని అక్కడికక్కడే మూసేస్తారనుకుంటూ కూర్చున్నాను.

"ఈ ప్రోగ్రాం అసలు దేనికోసం రాశారు?" అని ఆవిడ అడిగింది.

మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మాస్టారు గొంతు సవరించుకుని, "కాజాల కోసమండి" అన్నారు, తెలుగులోనే. తర్వాత ఇంగ్లీషులో చెప్పాల్సొచ్చింది. అవతల ఎవరో దగ్గినట్టు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"అయితే ఆ ఆట మాతో ఆడండి" అంది. "మీ సాఫ్ట్‌వేర్ మా దగ్గరా ఉంది. ఈసారి దాచేది మేము. రెండేసి ఫొటోలు పంపుతాం. ఎక్కడ గెలాక్సీ ఉందో, ఎక్కడ లేదో ఆ అమ్మాయి చెప్పాలి. లేనిచోట ఉందని చెప్పినా ఓడినట్టే. గెలిస్తే ఆ సగం వాటా ఉంటుంది."

ఆ వారం మా గదిలో పందాలు లేవు. పెద్దాపురం కుర్రాడు పోలీసు ఊసే ఎత్తలేదు, ఆమె అడిగిన కొలతలు తీసిపెట్టడం తప్ప. ఈ గండం గట్టెక్కితే వాళ్ళ ఊరి అమ్మవారు మరిడమ్మకి చీర పెడతానని మొక్కుకున్నాడట. ఇంట్లో నాన్నగారు కూడా రోజూ ప్రార్థన చేస్తున్నారని ఆ పిల్ల చెబితే, "అయితే రెండు వైపులా చెప్పేశామండి, ఇక భయం లేదు" అన్నాడు.

ఒక్కో చోటూ చూసుకుంటూ ఉందని, లేదని రాసుకుంటూ వచ్చింది. ఆఖరి చోట చిక్కొచ్చింది. ఫొటోకి సరిగ్గా నడుమ ఒక మసక. అందంగా, గుండ్రంగా, ఆమె తన పుస్తకాల్లో బొమ్మ గీసి చూపించే గెలాక్సీ ఎలా ఉంటుందో అచ్చం అలాగే. తిప్పి తీసిన రెండో ఫొటోలో కూడా అక్కడే ఉంది.

"ఇంకేంటమ్మా, రాసెయ్ ఉందని" అన్నాను.

"నడుమ ఉంది కదండి. తిప్పినా నడుమది పెద్దగా కదలదు. కొలవాలి."

కొలిచింది. మళ్ళీ కొలిచింది. పెద్దాపురం కుర్రాడు కొలిచాడు. ఆకాశంతోపాటు నిలబడలేదు, కెమెరాతోపాటు వెంట్రుకవాసి జరిగింది. అది నిజంగా జరగడమో, కొలతలో తేడానో చెప్పలేనంత కొంచెం.

"ఉందనే రాయండి. దెయ్యం ఇంత అందంగా ఉంటుందేంటండి?" అన్నాడతను.

ఆ పిల్ల తెర మీద నుంచి చూపు తిప్పలేదు. "నాకు ఏది కావాలో అచ్చం అదే కనబడుతోందండి. అందుకే భయంగా ఉంది" అంది. తర్వాత 'ఇక్కడ ఏమీ లేదు' అని రాసి, మేం ఇంకో మాట అనేలోపే పంపేసింది.

నాకు ఆ సాయంత్రం అన్నం సహించలేదు. నేనైతే ఉందని రాసేదాన్ని. నా వయసంతా యంత్రాలతోనే గడిచినా, కావాల్సింది ఎదురుగా కనబడితే చెయ్యి చాపకుండా ఉండటం నాకు రాలేదు.

ఫలితం చెప్పడానికి అధ్యక్షురాలే ఫోను చేసింది. మాస్టారు స్పీకరు పెట్టారు. అన్నీ సరిపోయాయంది. ఆఖరి చోటు గురించి అడిగితే, అక్కడ కావాలనే ఏమీ పెట్టలేదనీ, ఫొటో అంచు బయట ఒక పెద్ద నక్షత్రాన్ని పెట్టి, దాని దెయ్యం సరిగ్గా నడుమ పడేలా చూశామనీ చెప్పింది. "అక్కడ పడిపోతుందనుకున్నాను" అంది. ఆపైన చిన్నగా నవ్వి, మేం పందెం ఓడినట్టేనా, ఏం పంపించాలి అని అడిగింది.

"మడత కాజాలండి" అన్నారు మాస్టారు, నేను నోరు తెరిచేలోపే. ఆ విషయంలో ఆయన్ని నేనింకా క్షమించలేదు.

కొన్నాళ్ళకి నేను రిటైరయ్యాను. మా పోలీసు మాత్రం ఇంకా ఉద్యోగంలోనే ఉంది, కాకపోతే ఇప్పుడు దేన్నీ తీసెయ్యదు, అనుమానం ఉందని గుర్తు పెట్టి ఊరుకుంటుంది. వారానికోసారి లాకప్పు తెరిచి చూడటం అక్కడ కొత్తగా చేరినవాళ్ళ మొదటి పని. మీరూ ఎక్కడ పనిచేసినా, అక్కర్లేదని పక్కన పడేసినదాన్ని అప్పుడప్పుడు తెరిచి చూస్తుండండి. ఇంతకుమించి సలహాలివ్వడం నాకు చేతకాదు.

టెలిస్కోపు ఎగిరింది. ఉత్తుత్తిది కాదు, అసలుది. ఈ మధ్య ఒక పొద్దున వంటింట్లో ఉండగా ఫోను మోగింది. చిన్నమ్మాయి.

"మేడం, ఒక ఫొటో పంపాను. నా వాటాలో మొదటిది. ఎక్కడుందో చెప్పమంటారా?"

"చెప్పకు. నేనే వెతుక్కుంటాను" అన్నాను.

స్టౌ ఆపేసి, ఫోను స్పీకర్లో పెట్టి, కళ్ళజోడు చీర కొంగుతో బాగా తుడుచుకుని, ఫొటో తెరిచి కూర్చున్నాను. పక్కన రెండో ఫొటో కూడా పంపింది, కాస్త మెలితిప్పి తీసినది. చాలాసేపే వెతికాను. కిందికి, ఎడమవైపు, రెండు నక్షత్రాల మధ్య దొరికింది. నడుమ చుక్క లేదు, అంచు లేదు. రెండో ఫొటోలోనూ కదలకుండా అక్కడే ఉంది.

ఇన్నేళ్ళలో నేను వెతికి పట్టుకున్నవన్నీ మాలో ఎవరో ఒకరు దాచినవే. దీన్ని ఎవరూ దాచలేదు. ఎప్పటినుంచో అది అక్కడే ఉంది. ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి ఇంకోసారి చూశాను.

"దొరికిందాండి?" అంది.

"దొరికిందమ్మా."

"అయితే నేను ఓడిపోయానండి. ఆదివారం చర్చి అయ్యాక వస్తాను" అంది. "గొట్టం కాజాలే తెస్తాను లెండి, మాస్టారికి చెప్పకండి."